చప్పుడు లేని బండి

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పిన మనిషి పెళ్లానికి కారు నడపడం రాదు. మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఈ మాట అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. "జీతం అడగని డ్రైవరు దొరికాక నేర్చుకోవడం దేనికి?" అనేదాన్ని. ఆ వేసవి దాకా ఆ జవాబుకి నాకు నేనే మురిసిపోయాను.

మా ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఇంటి ముందుగదే డ్రైవింగు స్కూలు ఆఫీసు. ఒక బల్ల, గోడకి రోడ్డు గుర్తుల పటం, పక్క షెడ్డులో నెత్తిన ఎల్ బోర్డు పెట్టుకున్న పాత డీజిల్ కారు. నేర్పే బండి గనక ఆయన కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉండేవి. ఫోన్లు ఎత్తడం, ఎవరిని ఏ పూట రమ్మనాలో చెప్పడం, రానివాళ్లని తిట్టడం నా పని.

ఆయన నేర్పే పద్ధతి మిగతావాళ్లకి ఉండేది కాదు. మీటరు చూడనిచ్చేవారు కాదు. గేరు రాడ్డు వైపు చూస్తే వేళ్ల మీద చిన్న దెబ్బ పడేది. "ఇంజిను చెబుతుంది, విను. అది మూలిగితే కింది గేరు, అరిస్తే పై గేరు" అనేవారు. ఈమధ్య కొన్నేళ్లుగా ఇంకో పాఠం కూడా చేర్చారు. కంటికి కనబడిందల్లా నేర్చుకునేవాళ్లు పైకి చెబుతూ నడపాలి. కిటికీలు దించుకుని మా బండి వీధిలో పోతుంటే ఎవరో ఒకరు పాఠం అప్పజెబుతున్నట్టు అరుస్తూ ఉండేవారు. "ముందు సైకిలు, ఎడమ పక్క వ్యాను ఆగింది, తలుపు తీస్తున్నాడు, కుక్క, ఇంకో కుక్క, మాస్టారూ, కుక్క లేవట్లేదు!" తల్లిదండ్రులకి ఈ పద్ధతి తెగ నచ్చింది. పిల్లలకి రోడ్డు మీద చూపు నిలుస్తోందని చెప్పుకునేవారు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి నాకూ నేర్పబోయారు. నేను కాలు తీయగానే బండి గంతేసి ఆగిపోయింది. "అది క్లచ్చి. బొద్దింకని తొక్కినట్టు తొక్కి గెంతకు" అన్నారు. అంతే, నడిరోడ్డు మీద దిగి ఇంటికి నడక మొదలుపెట్టాను. ఆయన నా పక్కనే బండి మెల్లగా పోనిస్తూ, "అమ్మగారూ, ఎక్కండి" అంటూ మా వీధిదాకా వచ్చారు. ఎక్కలేదు. ఆ తరవాత ప్రతి సెలవుల్లోనూ "ఈసారి నీకు నేర్పేస్తానే" అనడం, నేను మూతి తిప్పడం మాకు మామూలైపోయింది.

ఆ ఏడు సెలవులు ఇచ్చే ముందే మెకానిక్కు చేతులెత్తేశాడు. కారు కింద నుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "మాస్టారూ, ఇక దీన్ని బాగుచేయడం నావల్ల కాదు. ఈ సెలవులు లాగితే గొప్పే" అన్నాడు. మా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగే మాట మారిపోయింది. "గేర్లు లేని బండి ఉందాండీ?" లేదంటే మర్యాదగా పెట్టేసేవారు. పెద్ద వీధిలో కొత్తగా పెట్టిన స్కూల్లో రెండు కరెంటు కార్లు ఉన్నాయి. సెలవుల్లో మా ముందుగదిలో కుర్చీలు చాలక వంటింటి పీటలు కూడా వేసేవాళ్లం. ఆ ఏడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బండి మార్చకపోతే స్కూలు మూతబడుతుందని నాకు అర్థమైంది. ఆయనకి ఆ స్కూలు తప్ప ఇంకో ప్రపంచం లేదు.

ఆ మాట మా అమ్మాయి పైకి అంది. తను ఒక కంపెనీలో లెక్కలు చూస్తుంది. ఏ విషయమైనా అన్ని వైపులా చూసి తేల్చేదాకా నిద్రపోదు.

"కరెంటు కారు కొనేద్దాం నాన్నా" అంది అన్నాల దగ్గర.

"ఛార్జింగు అయిపోతే నడిరోడ్డు మీద తోసుకురావాలి. నాకు ఓపిక లేదు."

"నువ్వు ఊరు దాటి పోతే కదా! షెడ్డులో ప్లగ్గు పెట్టిస్తా. రాత్రి పెడితే పొద్దున్నకి నిండుతుంది."

"గేర్లు లేని దాంట్లో నేర్పి పంపితే, రేపు గేర్ల బండి ఎక్కి ఏం చేస్తారు వాళ్లు?"

"రేపు గేర్ల బండ్లే ఉండవు."

"ఆ సీట్లు నా నడుముకి పడవు."

"చూడకుండానే నడుముకి పడవని ఎలా తెలిసిందండీ?" అన్నాను నేను మజ్జిగ పోస్తూ. అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన చెప్పే సాకులన్నిటికీ మా దగ్గర జవాబులు ఉన్నాయి. తల్లీకూతుళ్లం కలిసి ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే నాకు హుషారుగా ఉంది. మొండికేస్తున్నారనుకున్నాను. వయసు మీద పడుతోంది, కొత్తది వద్దంటారు, మగవాళ్లందరూ ఇంతే అనుకున్నాను.

అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి ఒక వారం ఆయన వెనక సీట్లో కూర్చుని తిరిగింది. బండి కొనే ముందు మనం నడిపే తీరు మనకి తెలియాలట. షోరూం మేనేజరు చెప్పాడట. ఎంత దూరం పోతాం, ఏ రోడ్ల మీద, ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు ఆగుతాం, అన్నీ చూసుకుంటే గానీ కరెంటు బండి మనకి సరిపోతుందో లేదో తేలదట. వారం అయ్యాక వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుని తీర్పు చెప్పింది.

"అమ్మా, నాన్న కోసమే చేసినట్టుంది ఆ బండి. దూరాలు పోడు. ఎప్పుడూ అవే నాలుగు వీధులు, అదే మైదానం. పెద్ద రోడ్డు ఎక్కడు. స్పీడు పోడు. చీకటి పడే లోపల ఇంటికి వచ్చేస్తాడు. వానొస్తే క్లాసు మానేస్తాడు. కరెంటు బండికి ఇంతకన్నా మంచి అలవాట్లు ఇంకెవరికుంటాయి?"

"ఇదివరకు పెద్ద రోడ్డు మీద కూడా నేర్పేవారే" అన్నాను.

"పెట్రోలు బంకు పక్కన ట్రాఫిక్కు ఎక్కువైందన్నాడులే."

నేను సరేనన్నాను. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే అటు తిరిగాను.

షోరూం మేనేజరు మెడకి టై కట్టుకున్న మాటకారి. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడు. మాస్టారితో చెయ్యి కలిపి, "మీ స్టూడెంటునే సార్, మీరు వేళ్ల మీద కొట్టిన దెబ్బ ఇంకా గుర్తుంది" అన్నాడు. ఆయన మొహం విప్పారింది. ఆ చనువుతోనే ఆదివారం దాకా ఉంచుకోమని ఒక తెల్ల కారు మా షెడ్డులో పెట్టించాడు. "మీ అలవాట్లకి నప్పితేనే కొనండి. నప్పకపోతే తాళం పంపించేయండి, నేనేం అనుకోను" అన్నాడు.

మొదటి రెండు రోజులూ ఆయన ఆ బండి దగ్గరికే పోలేదు. మూడో రోజు అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కూర్చోబెట్టింది. తను పక్కన, నేను వెనక. సాయంత్రం ఎండ తగ్గింది. మీట నొక్కితే తెర మీద దీపాలు వెలిగాయి గానీ చప్పుడు రాలేదు.

"స్టార్టయిందా?" అన్నారు.

"అయింది నాన్నా. తొక్కు."

వీధి దాటేదాకా బాగానే ఉంది. ఆయన స్టీరింగు మీదకి వంగి, తల ఒక పక్కకి వంచి, ఏదో వినబోతున్నట్టు కూర్చున్నారు. మా వీధి మలుపు దగ్గర, "చూసింది చూసినట్టు చెబుతూ ఉండు తల్లీ" అన్నారు.

"నేనేం నీ స్టూడెంటునా? నువ్వు నడుపు" అంది అమ్మాయి నవ్వుతూ. తన చూపంతా తెర మీద తగ్గుతున్న ఛార్జింగు అంకె మీదే ఉంది.

పార్కు గోడ పక్కన రోడ్డు తిన్నగా ఉంటుంది. చెట్లు వెనక్కి పరుగెత్తడం చూసి ముందు సీటు పట్టుకున్నాను.

"ఏమండీ, మెల్లగా."

"మెల్లగానే కదా వెళ్తున్నాం. ఇది ఇంకా కదలనే లేదు."

"నాన్నా, స్పీడు చూసుకో."

"ఎక్కడా?"

"తెర మీద! అంత పెద్ద అంకె ఉంటే!"

అప్పుడే పార్కు గేటులోంచి నీళ్ల డబ్బా పట్టుకుని ఒక పెద్దాయన రోడ్డు మీదకి దిగాడు. నాకు వెనక సీట్లోంచి కనబడ్డాడు. అమ్మాయికి కనబడ్డాడు. "నాన్నా, ఎడమ!" అని తను పెట్టిన కేకకి ఆయన బ్రేకు తొక్కారు. బండి ఆగింది. పెద్దాయనకీ బండికీ మధ్య చెయ్యి చాపేంత జాగా కూడా లేదు. డబ్బా దొర్లుకుంటూ పోయి కాలవ గట్టుకి తగిలి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దాయన తిట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన చెయ్యెత్తి, "క్షమించండి, తప్పు నాది" అన్నారు. ఆ మాట అన్నది ఎదర ఖాళీ రోడ్డు వైపు చూస్తూ. పెద్దాయన ఎడమ పక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

అమ్మాయి దిగి డబ్బా తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టి పంపించింది. తిరిగి వచ్చేసరికి వాళ్ల నాన్న బండి దిగారు. ఒక చెయ్యి బండి ఒంటికి ఆనించి, దాని వెంటే నడిచి, వెనక తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

"నువ్వు నడుపు తల్లీ" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన కారు వెనక సీట్లో కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నారు. చెప్పులు కూడా విప్పలేదు. మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"ఎప్పటి నుంచండీ?"

"ఏంటి ఎప్పటి నుంచి?"

"నా దగ్గర నీళ్లు నమలకండి."

గ్లాసు పక్కన పెట్టబోయి మెట్టు అంచు తడుముకున్నారు. అదీ కొత్త కాదు. చీకట్లో తడుముకోవడం, వడ్డించిన కూర గిన్నె పక్కనే ఉన్నా "కూరేదీ?" అనడం, పెళ్లిళ్లలో పలకరించినవాళ్లని పట్టించుకోకుండా పోవడం, అన్నీ నేను చూసినవే. పరధ్యానం అని విసుక్కున్నాను. పొగరెక్కిందని కూడా ఒకసారి అన్నాను.

"పక్కల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా బాగానే కనిపిస్తుంది. పాత బండిలో ఇబ్బంది లేదే. ఇంజిను వింటే ఎంత స్పీడులో ఉందో తెలిసిపోతుంది. మిగతాది పిల్లలు చెబుతారు. నా కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది."

"మిగతాది పిల్లలు చెబుతారా?"

"అందుకేగా చెప్పించుకునేది."

నాకు ముందు కోపం వచ్చింది. జాలి చాలా తరవాత వచ్చింది. పరాయి పిల్లల్ని ఎక్కించుకుని, వాళ్ల కళ్లతో బండి నడిపించుకుంటూ తిరిగారు. నోటికొచ్చినట్టు అన్నాను. లోపల అమ్మాయి ఏడుస్తోంది. వారమంతా వెనక కూర్చుని అన్నీ చూశాను, నాన్నని తప్ప అంటోంది. పెద్ద రోడ్డు ఎక్కకపోవడం, చీకటి పడే లోపల ఇల్లు చేరడం, వానొస్తే మానేయడం. కరెంటు బండికి నప్పే అలవాట్లని మేం సంబరపడ్డవన్నీ చూపు తగ్గిన మనిషి చేసుకున్న సర్దుబాట్లు.

"మొదట్లోనే డాక్టరు దగ్గరికి పోయుండొచ్చు కదండీ" అన్నాను ఆఖరికి, గొంతు పోయాక.

"పోతే బండి ఆపేయమంటాడుగా" అన్నారు.

కళ్ల డాక్టరమ్మ ఆయన గడ్డాన్ని ఒక యంత్రంలో పెట్టించి, చేతికి బటన్ ఇచ్చింది. "తిన్నగా చూస్తూ ఉండండి మాస్టారూ. పక్కల ఎక్కడ చుక్క వెలిగినా నొక్కండి." గదిలో దీపం ఆర్పేశారు. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. చుక్కలు నాకు కనబడవు గానీ యంత్రం వెలుగులో ఆయన బొటనవేలు కనబడుతోంది. బడిలో జవాబు రాని పిల్లాడిలా అది బటన్ మీద ఊరికే ఉంది. నొక్కండి, నొక్కండి అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. ఎప్పుడో ఒకసారి నొక్కేది. మళ్లీ ఆగిపోయేది.

"నీటికాసులు, గ్లకోమా అంటారే, అది" అంది డాక్టరమ్మ. "నొప్పి ఉండదు, అందుకే తెలియదు. ఉన్న చూపు నిలబెట్టడానికి చుక్కల మందు వేద్దాం. పోయింది మాత్రం రాదు. రెండు మూడేళ్ల ముందు వచ్చి ఉంటే చాలావరకు కాపాడేదాన్ని. ఇక బండి నడపకూడదు. నేర్పకూడదు కూడా."

ఆయన తలూపారు. లేచి, తలుపు ఎక్కడుందో చూసుకోవడానికి తల అటూ ఇటూ తిప్పారు. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంటారనుకున్నాను, విదిలించుకోలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

తరవాత అన్నీ చకచకా జరిగిపోయాయి. తెల్ల కారు కొన్నాం. అమ్మాయి పరీక్ష రాసి, నేర్పేందుకు లైసెన్సు తెచ్చుకుని, ఉద్యోగానికి ముందూ తరవాతా క్లాసులు మొదలుపెట్టింది. స్కూలు నిలబడింది. పాత బండిని మెకానిక్కే తీసుకుపోతానన్నాడు, ఇంజినుకి ఇంకో పాత బండి సామాన్లు తెచ్చి వేసుకుంటాడట. తోలుకుపోయే రోజు ఆయన ముందుగదిలోంచి బయటికి రాలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి విన్నారు. "రెండులోనే పోనిస్తున్నాడు, మూడు వేయడేం" అని గొణిగారు.

ఆ రోజే నేను నేర్చుకుంటానని చెప్పాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి మనిషి కావాలి, అమ్మాయికి తీరిక లేదు. పైకి చెప్పిన కారణం అది. లోపల మాత్రం, ఇన్నాళ్లూ పిలిస్తే పోని చోటికి ఇప్పుడైనా పోవాలనిపించింది.

మైదానంలో అమ్మాయి నా పక్కన, ఆయన వెనక. క్లచ్చి లేదు, గేర్లు లేవు, గెంతడం లేదు. ఒక కాలితో అంతా అయిపోతుంది. పది మాటలు తిట్టించుకునే అవకాశం కూడా ఇవ్వలేదు ఆ బండి. కరెంటు బండి ఎవరి అలవాట్లకి సరిపోతుందా అని ఆ వేసవంతా మా ఇంట్లో తెగ చర్చ పెట్టుకున్నాం. చివరికి అది సరిపోయింది ఏ అలవాటూ లేని నాకు. అమ్మాయి "అమ్మా, నువ్వు పుట్టుకతోనే డ్రైవరువి" అంటుంటే నవ్వుతూ అద్దంలోకి చూశాను. వెనక సీట్లో ఆయన తల ఒక పక్కకి వంచి కూర్చుని ఉన్నారు. వినడానికి ఏమీ లేదు. అయినా ఆ తల అలా వంగే ఉంది.

బడులు తెరిచే రోజుల్లో నాకు లైసెన్సు వచ్చింది. మొదటిసారి ఇద్దరమే బయల్దేరాం, డాక్టరమ్మ దగ్గరికి. ఆయన నా పక్క సీట్లో. క్లాసుల కోసం ఆ సీటు ముందు అమర్చిన బ్రేకుని అమ్మాయి ఆ పూటకి తీయించింది గానీ, ఆయన కాలు మాత్రం అది ఉండాల్సిన చోటే పెట్టుకున్నారు.

"చెప్పు" అన్నారు.

నాకు అర్థమైంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఎదురుగా స్కూలు బస్సు ఆగింది. పిల్లలు దిగుతున్నారు. కుడి పక్క పూల దుకాణం ముందు స్కూటరు. ఒకావిడ గొడుగు విప్పుతోంది. కుక్క."

"లేచిందా?"

"లేచింది."

సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక ఎక్కడి నుంచో ఒక చప్పుడు వచ్చింది. పాత ఇంజిను, గొంతు బొంగురుపోయినట్టు. ఆయన నిటారుగా కూర్చున్నారు.

"మన బండే! బాగు చేసుకున్నాడు వాడు. చూడు, బరువేదో ఎక్కించాడు. ఆపాడు. హాఫ్ క్లచ్చి మీద నిలబెట్టుకున్నాడు వెధవ, ప్లేట్లు అరిగిపోతాయి. ఎన్నిసార్లు చెప్పాను!"

నేను అద్దంలో చూశాను. మూడు బండ్ల వెనక అదే. నెత్తిన ఎల్ బోర్డు లేదు, పైన రెండు టైర్లు కట్టి ఉన్నాయి. మెకానిక్కే నడుపుతున్నాడు. ఆయనకి అవేవీ కనబడవు. కానీ వాడి పాదం ఎక్కడుందో కూడా ఆయనకి తెలుసు.

పచ్చ దీపం వెలిగింది. నేను మెల్లగా కదిలించి మలుపు తిప్పాను. ఎక్కడా కుదుపు లేకుండా తిప్పాను. ఆ మలుపులో మంచి మంచి డ్రైవర్లే తడబడతారు. నాకు పొంగుకొచ్చింది.

"ఏమండీ, నేను ఎలా నడుపుతున్నాను?"

ఆయన తల నా వైపు వంచారు. పాత బండి చప్పుడు ఇంకో దారిలోకి మళ్లి, దూరమై, ఆగిపోయింది.

"ఏమోనే. ఈ బండి నాకు ఏమీ చెప్పదు" అన్నారు. "ఆ బండిలో నేర్చుకుని ఉంటే చెప్పేవాణ్ణి."

రోడ్డు మసకబారింది. రెప్పలార్పి సరిచేసుకున్నాను.

"బాగానే నడుపుతున్నానండీ" అన్నాను.

"అవునా" అన్నారు. తల ముందుకి తిప్పి, "ముందు ఏముంది, చెప్పు" అన్నారు.